వేషం లేని రోజు వచ్చిన తనిఖీ

ఈ విషయం గురించి ఉద్యోగంలో ఉండగా మా ఆఫీసుకు రాశాను. రిటైరయ్యాక రాశాను. ఇప్పుడు మెల్‌బోర్న్‌లో ఉంటూ కూడా మెయిళ్లు పెడుతున్నాను. అందినట్టయినా ఎవరూ చెప్పలేదు. ఆఫీసు పేరు ఇక్కడ రాయను. ఉలిక్కిపడాల్సినవాళ్లు పేరు లేకపోయినా ఉలిక్కిపడతారు.

వీధి వ్యాపారుల చట్టం అమల్లోకి వచ్చిన కొత్తలో నన్ను విజయవాడ పటమట సర్వేకి సూపర్‌వైజర్‌గా వేశారు. మా సిబ్బంది వీధి వీధీ తిరిగి బండ్లవాళ్లనీ గంపలవాళ్లనీ ఫొటోతో సహా నమోదు చేస్తారు. నేను సరిచూసి సంతకం పెడతాను. ఆపైన జోనల్ ఆఫీసరు స్వయంగా వచ్చి చూసి ఖాయం చేస్తే, గుర్తింపు కార్డూ, వ్యాపారానికి అనుమతించిన వీధిలో కాస్త చోటూ దొరుకుతాయి. కార్డు లేనివాణ్ణి ఎవరైనా, ఎప్పుడైనా వీధిలోంచి లేపేయవచ్చు.

ఆ సర్వేలో నేను వీరయ్య పేరు రాయించాను. అతను పగటివేషగాడు. ఏటా పంటలు ఇళ్లకు చేరాక దివిసీమ నుంచి తమ్ముళ్లతో వచ్చి, పటమటలో కొన్నాళ్లు మకాం పెట్టి, రోజుకో వేషం కట్టేవాడు. చట్టం ప్రకారం సరుకులు అమ్మేవాళ్లే కాదు, సేవలు అమ్మేవాళ్లూ వీధి వ్యాపారులే. ఆట కూడా సేవేనని నా వాదన. ఇప్పటికీ అదే నా వాదన.

ఒకరోజు ఆఫీసరు వేషం కట్టాడు. సఫారీ సూటు, నల్లకళ్లద్దాలు, చంకలో ఫైలు. "ఎవరిదీ బండి? తియ్యి, తియ్యి!" అని కేకేస్తే, గుణదల నుంచి వచ్చి జామకాయలు అమ్మే మరియమ్మ హడలిపోయింది. "తీస్తన్నా సారూ, ఒక్క నిమిషం" అంటూ బండిని మలుపు దాకా నెట్టుకుపోయింది. అక్కడ గొంతు గుర్తుపట్టింది. "ఓరి నీ వేషం తగలెయ్యా! కాయలన్నీ దొర్లిపోయినయ్ గదరా వీరిగా!" వీధి వీధంతా నవ్వింది. టీ కొట్టు దగ్గరున్న నేను కూడా అప్పటికే గ్లాసు కింద పెట్టి లేచి నిలబడి ఉన్నాను.

వాళ్లకో ఆనవాయితీ ఉంది. వేషంలో ఉండగా చెయ్యి చాపరు. ఎవరైనా ఇవ్వబోయినా "ఆఖర్రోజు వస్తామండీ" అంటారు. ఆ ఆఖరి రోజున రంగు కడిగేసుకుని, మామూలు పంచెలతో ఇంటింటికీ వచ్చి సంభావన అడుగుతారు.

జోనల్ ఆఫీసరు సరిగ్గా ఆ రోజే తనిఖీకి వచ్చాడు. ముందురోజే రమ్మని ఫోన్లో బతిమాలాను. "నా టూరు మీరు వేస్తారా?" అన్నాడు.

"నువ్వేం అమ్ముతావు?" అని వీరయ్యనడిగాడు.

"వేషాలండీ."

"ఏదీ వేషం?"

"మొన్ననే తమరి వేషం కట్టానండీ."

చుట్టూ ఉన్నవాళ్లు ఘొల్లుమన్నారు. అందరికన్నా గట్టిగా మరియమ్మ. ఆఫీసరు మొహం కందగడ్డయింది. "అడుక్కునేవాడికి ఎకసెక్కాలొకటి" అని వీరయ్య పేరు కొట్టేసి, పక్కన 'యాచకుడు' అని రాయించాడు.

నేను అడ్డుపడ్డాను. "సార్, ఇవాళ వీళ్లకి ఒకటో తారీకు. మనం కూడా నెలంతా పనిచేసి ఆ రోజే కదండీ తీసుకునేది" అన్నాను.

"మిమ్మల్ని కూడా వాళ్లతోపాటే రాయమంటారా?" అన్నాడు, నా కింద పనిచేసేవాళ్ల ఎదుట.

ఆ తర్వాత ఆఫీసులో నా పేరు 'పగటివేషం గారు' అయింది. వీడ్కోలు సభలో దండ వేసి మరీ ఆ మాట అన్నారు. నవ్వినవాళ్లందరూ నాకు గుర్తున్నారు. మరుసటి ఏడు కార్డు లేదని వీరయ్యని ఆట మధ్యలోనే వీధిలోంచి పంపేశారు. ఆ పై ఏడు అతను రాలేదు.

మొన్న ఇక్కడ ఒక కూడలిలో ఒంటికంతా వెండిరంగు పూసుకున్న మనిషి బొమ్మలా నిలబడి ఉన్నాడు. మెడలో పర్మిట్. నాతో నడకకు వచ్చే ప్రసాద్ గారిది కూడా పటమటే, బ్యాంకు మేనేజరుగా రిటైరయ్యారు. వరసగా ఫొటోలు తీసి, "ఏం ఆర్టిస్టండీ! మన దగ్గర ఇలాంటివాళ్లెక్కడున్నారు?" అన్నారు.

"మీ వీధిలోనే ఉండేవాళ్లండీ. మీరు తలుపేసుకునేవారు" అన్నాను. ఆయన రెండురోజులు నడకకు రాలేదు. నేనూ పిలవలేదు.

ఆ సాయంత్రం మరియమ్మకు ఫోన్ చేసి వీరయ్య సంగతి అడిగాను. "భవానీపురంలో ఏదో అపార్ట్‌మెంటుకి వాచ్‌మన్ అండి. గుణదల తిరనాళ్లలో కనపడ్డాడు. ఏరా, వేషాలు మానేశావా అంటే, 'లేదక్కా, ఖాకీ వేషం కట్టా. దీనికే ఆఖర్రోజు రాట్లా' అన్నాడండి." ఎప్పుడూ నవ్వుతూ మాట్లాడే మరియమ్మ అది చెప్పేటప్పుడు నవ్వలేదు.

నా సర్వీసు మొత్తంలో ఈ ఉదంతం నేర్పింది ఒక్కటే. తనిఖీకి వచ్చినవాడు కళ్లారా చూసిందే రాసినా, తప్పు రోజున చూస్తే ఆ రిపోర్టు తప్పే. ఆ ఆఫీసరు రిటైరయ్యాడు, ఆ కుర్చీ రిటైర్ కాలేదు. ఇప్పుడు అందులో కూర్చున్నవారిని అడుగుతున్నాను: వీరయ్య పేరు పక్కన రాసిన ఆ మాట కొట్టేస్తారా, కొట్టేయరా? కొట్టేయకపోతే ఎందుకో చెప్పండి. 'పరిశీలిస్తాం' అని రాయకండి, ఆ మాట నేనే చాలామందికి రాసి పంపినవాణ్ణి. అవుననో కాదనో రాయండి.