ఇద్దరు కూర్చునే పడవ

కాకినాడ నుంచి హైదరాబాద్ వెళ్లినప్పుడు, గాలి కొట్టి వాడే, ఇద్దరు కూర్చునే కయాక్ పడవ కొందామని నేనూ మా ఆవిడా అబిడ్స్‌లో ఒక దుకాణానికి వెళ్లాం. దుకాణదారు అక్కడే దానికి గాలి కొట్టి, మమ్మల్ని ఎక్కించి, మూడు ఇరానీ చాయ్‌లు తెప్పించాడు. చాయ్ తాగనిదే ఆయన బేరం మొదలుపెట్టడట.

తాగాక, "తెడ్లేసి చూడున్రి సార్," అన్నాడు.

గచ్చు మీదే వేశాం. వెంటనే రెండు తెడ్లూ కొట్టుకున్నాయి.

"ముందున్నది నేను. నన్ను చూసి వెయ్యండి," అంది మా ఆవిడ.

"వెనకున్నవాడే నడపాలి," అన్నాను.

దుకాణం ముందు జనం పోగయ్యారు.

"పడవకేం ఫికర్ లేదు," అన్నాడు దుకాణదారు. "అమ్మా, ఒక్కలే కూసునేది గూడ ఉంది. చూపియ్యాల్నా?"

"చూపించండి," అంటూ ఆవిడ తెడ్డు నా ఒళ్లో పడేసి దిగింది.

మళ్లీ చాయ్ వచ్చింది. ఈసారి రెండే: ఆయనకొకటి, ఆవిడకొకటి.