గీతలు బాగుచేసే తాత

"పాప పాదంలో చెక్క పేడు గుచ్చుకుంటేనో?" అంది ఆ తల్లి, చంటిదాన్ని చంకలోంచి దించకుండానే. చెక్క నేలంతా ఫోన్ లైటుతో గాలించి, కనబడ్డ ప్రతి గీతకూ సుద్దతో సున్నా చుట్టింది.

నేలలు బాగుచేసి మోకాళ్లు అరిగినా నవ్వు అరగని తాత అటూ ఇటూ చూశాడు. "ఇన్ని సున్నాలా అమ్మా? పాపం, నేల పరీక్ష తప్పినట్టుంది."

అరచేత్తో తడిమాడు. గోటికి తగిలే గీత ఒక్కటే ఉంది. అందులో చెక్క రంగు మైనం నింపి నున్నగా చదును చేశాడు. సుద్ద తుడిచేశాడు.

"మరి మిగతావి?"

"అవి పైపూత మీదివే తల్లీ. గరుకు కాగితంతో రుద్దితే ఉన్న పూత కాస్తా పోతుంది. నిలబడితే కనబడని గీతను వంగి వెతక్కు. పిల్లను దించు."

దించింది. నెలలు గడిచాక, పరుగెత్తి పడే పాప మోకాళ్ల మీది గీతల్ని కూడా ఇప్పుడామె నిలబడే చూస్తోంది.