కడుపు నొప్పి కాదు, గిలక

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, ఈ సాక్ష్యం మీ ముందు చెప్పాలని నేను ఏళ్ళ తరబడి అడుగుతూనే ఉన్నాను, ఇంతవరకు ఎవరూ వినిపించుకోలేదు. పంటల పండుగనాడు అడిగితే సమయం లేదన్నారు, ఆ రోజే వేలంపాటలో ఒక్క గుమ్మడికాయ దగ్గర అరగంట గడిచింది. సెమీ క్రిస్మస్‌కు అడిగితే పిల్లల నాటిక ఉందన్నారు. ఒకసారి స్తుతి కూడికలో నా అంతట నేనే లేచి నిలబడ్డాను, నిలబడగానే ఎవరో పాట ఎత్తుకున్నారు, దేవుని పాట కదా, నేనూ పాడి కూర్చున్నాను. చివరికి మన సంఘ పెద్దల్లో ఒకాయన నన్ను పక్కకు పిలిచి, "ఆడవాళ్ళుంటారు బ్రదర్, ఆ మాటలు బాగుండవు" అన్నారు. ఆయన పేరు రాయను. ఆయనకు తెలుసు, నాకు తెలుసు, దేవునికి తెలుసు. ఇప్పుడు మన సంఘ పత్రికకు కొత్తగా వచ్చిన సంపాదకుడు, రాసివ్వండి అంకుల్, వేస్తాను అన్నాడు కాబట్టి రాస్తున్నాను. ఒక్క మాట కూడా తీసెయ్యవద్దని అతనికి మనవి.

నేను ఉయ్యూరులో చక్కెర ఫ్యాక్టరీ ఫిట్టర్‌నని మీకు తెలుసు. సెల్‌ఫోన్లు ఇంకా అందరి చేతుల్లోకి రాని రోజులవి. ఒక క్రషింగ్ సీజనులో, చెరకు బళ్ళు రోడ్డు పొడుగునా బారులు తీరి ఉండగా, మిల్లు గొలుసు తెగింది. నలుగురం పట్టి ఎత్తుతుంటే నా కుడి గజ్జలో ఏదో జారినట్టయింది. ఇంటికొచ్చి స్నానం చేస్తూ చూసుకుంటే నిమ్మకాయంత ఉబ్బు. పడుకుంటే లోపలికి పోతుంది, లేచి నిలబడితే వస్తుంది, దగ్గితే ఇంకా వస్తుంది. డాక్టర్లు హెర్నియా అంటారు, మన వైపు గిలక అంటారు. పొట్ట గోడ ఒకచోట పలచబడి లోపలి పేగు అక్కడి నుంచి తోసుకురావడం. ఆ సంగతి నాకు ఎవరూ చెప్పనక్కరలేదు, మా నాన్న దానితోనే పోయాడు.

నాన్న చెరకు మోపులు మోసేవాడు. పంచె కింద ఒక గుడ్డ బిగించి కట్టుకునేవాడు, ఎందుకని మేం అడగలేదు, ఆయన చెప్పలేదు. ఒకరోజు పొద్దున్నే కడుపు నొప్పి అంటూ ముడుచుకుని పడుకున్నాడు, వాంతులు పట్టుకున్నాయి. వాము నమిలించారు, జీలకర్ర కషాయం పట్టారు, చుట్టూ మోకరించి ప్రార్థన చేశారు. బెజవాడ పెద్దాసుపత్రికి చేర్చేసరికి ఆలస్యమైపోయింది. అక్కడి డాక్టరు పంచె తొలగించి చూసి, ఇది ఎన్నేళ్ళ నుంచి ఉందని అడిగితే మా అమ్మ తల వంచుకుంది. ఆమెకు తెలుసు, సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదు. బయటికొచ్చిన పేగు ఇరుక్కుని లోపలే చెడిపోయిందట. సమాధి ఆరాధనలో మాత్రం, కడుపు నొప్పితో ప్రభువునందు నిద్రించారు అని చదివారు. ఆ మాట నేను మరిచిపోలేదు. నేను ఏ మాటా మరిచిపోనని మా ఇంటావిడ మార్తమ్మ అంటుంది, అది నిజమే.

అంత తెలిసీ, సహోదరులారా, నేనూ దాచాను! బెజవాడలో ఒక బెల్టు కొనుక్కొచ్చి ప్యాంటు కింద కట్టుకుని ఏడాది పైగా తిరిగాను. ఆ బెల్టు ఉతికి దండెం మీద పాత తువ్వాలు చాటున ఆరేస్తే మార్తమ్మ కంట పడింది. ఆవిడ అరవలేదు, ఏడవలేదు. "మామయ్యగారు గుడ్డ కట్టారు, మీరు బెల్టు కట్టారు. అంతేనా అండీ తేడా?" అంది. ఆ వారమే డాక్టరు కోసం బయలుదేరాం.

మొదటి డాక్టరు నన్ను చూసింది అగ్గిపుల్ల కాలినంత సేపు. రా, కుట్టేద్దాం అన్నారు. ఎలా కుడతారండీ, కుట్టు నిలుస్తుందా, మళ్ళీ వస్తే ఏం చేస్తారు అని అడిగాను. "డాక్టరు నువ్వా, నేనా?" అన్నారు. చదువుకున్న మనిషి కాబట్టి ఆయనకు నమస్కారం పెట్టి వచ్చేశాను, నమస్కారం ఒక్కటే పెట్టాను.

రెండోది బెంజ్ సర్కిల్ వైపు కొత్తగా పెట్టిన ఆసుపత్రి, అన్నీ అద్దాలే. అక్కడ రెండు రకాలు చెప్పారు. ఒకటి, గజ్జలో కోసి, పలచబడిన చోట వలలాంటి ముక్క వేసి కుట్టడం, దాన్ని మెష్ అంటారట. రెండోది, కొయ్యకుండా మూడు రంధ్రాలు పెట్టి, లోపలికి కెమెరా పంపి టీవీలో చూస్తూ అదే వలను లోపలి వైపు నుంచి పెట్టడం. వల అనగానే నా గుండెలో రాయి పడింది. పాత బట్టకు కొత్త గుడ్డతో మాసిక వేయకూడదని, వేస్తే చిరుగు ఇంకా పెద్దదవుతుందని మన ప్రభువే చెప్పాడు కదా! నా పొట్ట గోడ పాతది, ఆ వల కొత్తది. ఈ సంగతి డాక్టరుగారికి చెప్పి జవాబు అడిగితే ఆయన నవ్వి గడియారం చూసుకున్నారు. నవ్వితే నవ్వారు, జవాబు చెప్పి నవ్వవచ్చు కదా. బయట బల్ల దగ్గర అమ్మాయి ఏసీ రూమా, మామూలు రూమా అని అడిగింది. ఆ ఒక్క ప్రశ్నకే అక్కడ తీరిక.

ఇక మార్తమ్మ నా కోసం సంఘంలో ప్రార్థన మనవి ఇచ్చింది. నేను పేరు రాయనన్న ఆ పెద్దాయనతో స్పష్టంగా గిలక అనే చెప్పింది. ఆదివారం ఆయన వేదిక మీద నిలబడి, మన ప్రసాదు బ్రదర్ గారి కడుపు నొప్పి కొరకు అని చదివారు. మీరందరూ భారంతో ప్రార్థించారు, మీ ప్రేమను నేను తప్పు పట్టను. ఆ వారమంతా మా ఇంటికి శొంఠి పొడి వచ్చింది, మజ్జిగ వచ్చింది, పచ్చిమిరపకాయ మానమని సలహా వచ్చింది. పై ఆదివారం మళ్ళీ కడుపు నొప్పి. ఆ పై ఆదివారం మళ్ళీ. దేవుడు ప్రార్థన వినడని ఎవరైనా అంటే నా దగ్గరికి పంపండి, ఆ నెలలో నా కడుపు ఎంత బాగయిందంటే రాళ్ళు తిన్నా అరిగేవి! మీరు అడిగింది ఆయన ఇచ్చాడు. గిలక సంగతి ఎవరూ అడగలేదు, అది అలాగే ఉంది.

ఒక శనివారం మధ్యాహ్నం ఫ్యాక్టరీ నుంచి వచ్చాక ఆ ఉబ్బు లోపలికి పోలేదు. రాయిలా గట్టిపడింది. వెల్లకిలా పడుకుని మోకాళ్ళు ముడుచుకుని, మార్తమ్మ చెయ్యి పట్టుకుని ప్రార్థించాను. "ప్రభువా, మా నాన్న నోరు తెరవక పోయాడు. నన్ను ఈ ఒక్కసారికి లేపు, నేను నోరు తెరుస్తాను. ఎవరు ఆపినా ఆగను." అంతే, అంతకన్నా పెద్ద ప్రార్థన నాకు రాలేదు. కొంతసేపటికి అది మెల్లగా లోపలికి జారింది. దేవునికే మహిమ! అలా ఇరుక్కున్నప్పుడు ఇంట్లో కూర్చోకూడదు, తిన్నగా ఆసుపత్రికి పరుగెత్తాలని తర్వాత నాకు ఆపరేషన్ చేసిన డాక్టరుగారు నన్ను గట్టిగా కోప్పడ్డారు, అది మీరూ గుర్తు పెట్టుకోండి.

మర్నాడు ఆరాధనలో పెద్దాయన మళ్ళీ కడుపు నొప్పి కొరకు అని చదువుతుంటే, నాకు ఆయన గొంతు వినపడలేదు, మా నాన్న సమాధి దగ్గర చదివిన గొంతు వినపడింది. లేచి, పక్కనే కూర్చున్న పాస్టరు అయ్యగారి వైపు తిరిగి నిలబడ్డాను.

"అయ్యగారూ, నాది కడుపు నొప్పి కాదు. గిలక. కుడి గజ్జలో. మా నాన్న దీన్ని దాచిపెట్టే చచ్చిపోయాడు. పేరు పెట్టి ప్రార్థన చేయించండి."

మగవాళ్ళ వైపు అందరూ తలలు దించుకుని కింద చాపలు చూశారు. పెద్దాయన దగ్గారు, దగ్గుతూ చెయ్యి నడుం పక్కకు పెట్టుకున్నారు. కూర్చోండి బ్రదర్, ఆడవాళ్ళున్నారు అని ఎవరో వెనక నుంచి అన్నారు. అప్పుడు ఆ ఆడవాళ్ళలో నుంచే, టైలరింగ్ చేసే మన రత్నకుమారి అక్క లేచింది.

"నాకు బొడ్డు దగ్గర వచ్చింది తమ్ముడూ, రెండో కాన్పు తరవాత. నిరుడు ఆపరేషన్ చేయించుకున్నా. ఇదిగో, నిలబడే ఉన్నా కదా. ఇందులో సిగ్గేముంది, మనం పెట్టుకున్నదా?"

ఎవరో నవ్వారు, తర్వాత అందరూ నవ్వారు, అయ్యగారు కూడా నవ్వారు. ఆ నవ్వులోనే నా భయం సగం పోయింది సహోదరులారా! ఆ రోజు అయ్యగారు గిలక అని పేరు పెట్టి ప్రార్థించారు. సువార్తలో దారి పక్కన గుడ్డివాడు ప్రభువు కోసం కేక వేస్తుంటే జనం నోరు మూసుకోమన్నారు, వాడు ఇంకా గట్టిగా కేక వేశాడు. వాడు గుడ్డివాడని తెలిసి కూడా ప్రభువు, నీకేం కావాలని వాడి నోటితోనే అడిగించుకున్నాడు. వాడు కడుపు నొప్పి అని చెప్పలేదు.

రత్నకుమారి అక్క చెప్పిన డాక్టరుగారిది వన్ టౌన్‌లో చిన్న నర్సింగ్ హోమ్, ఆయన ముస్లిం. మనవాళ్ళలో డాక్టర్లు లేరా అని సంఘంలో ఒకరిద్దరు నన్ను అడిగారు. ఉన్నారు, అడిగిన దానికి జవాబు చెప్పినవాడే నావాడు అన్నాను. దెబ్బలు తిని దారిలో పడినవాణ్ణి ఎత్తుకున్నది పరాయి జాతివాడేనని ఆదివారం బడిలో పిల్లలకు మనమే కదా చెబుతాం.

ఆయన నన్ను నిలబెట్టి దగ్గించారు, పడుకోబెట్టి దగ్గించారు, రెండు వైపులా చూశారు. తర్వాత కుర్చీలో వెనక్కి ఆనుకుని, ఇక మీరు అడగండి అన్నారు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ముందు మాసిక సంగతే అడిగాను. ఆయన నవ్వలేదు.

"మీ ప్రభువు చెప్పింది నిజమేనండీ. ఈ వల కూడా లోపల కొంచెం ముడుచుకుంటుంది. అందుకే చిరుగు కన్నా పెద్ద ముక్క వేస్తాను. మెల్లగా మీ కండ దానిలోకి అల్లుకుంటుంది, అప్పుడు రెండూ ఒకటే బట్ట."

వల లేకుండా అంచులు లాగి కుడితే, బరువులెత్తే మనిషికి ఆ లాగుడుకే మళ్ళీ విడిపోయే భయం ఎక్కువట. రంధ్రాల పద్ధతి కూడా మంచిదేనని, రెండు వైపులా ఉన్నవాళ్ళకు, ఒకసారి ముందు నుంచి కుట్టాక మళ్ళీ వచ్చినవాళ్ళకు అది బాగా పనికొస్తుందని, కానీ దానికి పూర్తి మత్తు ఇవ్వాలని, అందులో తన చెయ్యి ఇంకా అంత తిరగలేదని, కావాలంటే తిరిగినవాళ్ళ దగ్గరికి పంపుతానని చెప్పారు. మీకు ఒక వైపే, మొదటిసారే, కాబట్టి నడుముకు మత్తు ఇచ్చి ముందు నుంచి వల వేస్తే సరిపోతుంది అన్నారు. నా చివరి ప్రశ్న మిగిలింది. మళ్ళీ వస్తే?

"రావచ్చు. చాలా తక్కువ మందికి. నా చేతి కింద కూడా వచ్చింది, రాలేదని అబద్ధం చెప్పను. వస్తే నా దగ్గరికే రండి, తలుపు వేసుకోను."

ఇంటికి వెళ్ళి ఆలోచించుకుని చెప్పమన్నారు. నేను అక్కడే చెప్పేశాను. రావచ్చు అన్న డాక్టరే నాకు కావలసిన డాక్టరని మెట్లు దిగుతూ మార్తమ్మతో అంటే, మీతో వేగాలంటే ఆయనకూ మన ప్రార్థన కావాలి అంది.

ఆపరేషన్ రోజు బల్ల మీద పడుకోబెట్టాక, ఒక్క నిమిషం ప్రార్థన చేసుకుంటానండీ అన్నాను. "చేసుకోండి, ఈలోగా నేను చేతులు కడుక్కుంటా" అన్నారు. నడుములో సూది పడగానే నా కాళ్ళు నావి కాకుండా పోయాయి, నోరు మాత్రం నాదే కాబట్టి పాట అందుకున్నాను. నర్సమ్మ ఆపబోతే, పాడనివ్వమ్మా, నిద్రపోకుండా పని చేస్తాం అని ఆయనే అన్నారు. మూడు చరణాలూ అయ్యాయి, పల్లవి మళ్ళీ ఎత్తుకునేసరికి కుట్లు వేస్తున్నామన్నారు. హల్లెలూయ! దగ్గు వచ్చినప్పుడల్లా దిండు అదిమి పట్టుకున్నాను, చెప్పినన్నాళ్ళు బరువు ముట్టలేదు, ఆ తర్వాత ఫ్యాక్టరీకి వెళ్ళాను. మా నాన్న దాటలేకపోయినదాన్ని దేవుడు నన్ను దాటించాడు. ఇన్నేళ్ళయింది, అది మళ్ళీ రాలేదు. పోయిన పంటల పండుగ వేలంలో అందరికన్నా పెద్ద గుమ్మడికాయ నేనే పాడుకుని భుజాన పెట్టుకుని ఇంటి దాకా నడిచాను, మీరంతా చూశారు. అది ఎందుకు మోశానో చెప్పడానికి మాత్రం ఆ రోజు కూడా సమయం ఇవ్వలేదు.

కాబట్టి నా ప్రియులారా, దేవుణ్ణి నమ్మండి, నమ్మి నోరు తెరవండి. మీ జబ్బు పేరు ఆయనకు కొత్త కాదు. డాక్టరును అడగండి, చెప్పేదాకా అడగండి, చెప్పనివాడి దగ్గర నుంచి లేచి వచ్చేయండి. దేవుడు తన మనిషిని మీ కోసం ఎక్కడో ఒకచోట ఉంచే ఉంటాడు.

ఇక చివరి మాట, మొదట చెప్పిన ఆ పెద్దాయనకు. అయ్యా, మీరు నన్ను ఆపిన సంగతులన్నీ నాకు గుర్తున్నాయి, క్షమించాను కూడా, గుర్తుండటం వేరు. కానీ దగ్గినప్పుడు మీ చెయ్యి కుడి పక్కకు పోవడం నేను చూశాను. ఈ మధ్య బెంచీ చివర ఒరిగి కూర్చోవడం చూశాను. పాటల మధ్యలో మీరు బయటికి వెళ్ళి వంగి నిలబడటం చూశాను. ఏడాదిగా అడుగుతున్నాను, చూద్దాం బ్రదర్ అంటున్నారు. మా నాన్న కూడా చూద్దామనే అన్నాడు. డాక్టరుగారితో మాట్లాడాను, మంగళవారం పొద్దున్నే మీ గుమ్మం ముందుకు ఆటో తెస్తాను, మీ ఇంట్లో అమ్మగారికి మార్తమ్మ తోడుంటుంది. వస్తారా, రారా? ఈ ఆదివారం కానుకల పాట అయ్యేలోగా నా దగ్గరికి వచ్చి మీ నోటితో చెప్పండి. అవును అనండి, కాదు అనండి, కడుపు నొప్పి అని మాత్రం అనకండి.