గార్డు డబ్బాలో లేని కిటికీ

మా కింది వాటాలో ఉండే బాబూరావు అంకుల్ ఏడు నెలలుగా ఒకే ఒక్క రైలు డబ్బా కడుతున్నారు. దాని పొడవు జానెడు. అసలు డబ్బానే కార్ఖానాలో నెల తిరక్కుండా కట్టి బయటికి పంపేవారట. ఈ సంగతి ఆయనకు రోజుకోసారి గుర్తుచేసేది శ్యామలమ్మ ఆంటీ, అదీ అన్నం వడ్డించేటప్పుడు.

"వాళ్లకు మనుషులుంటరు, మిషన్లుంటయ్," అంటారు ఆయన.

"వాళ్లకు ఇంట్ల పెండ్లాం కూరగాయలు తెమ్మని చెప్పదు. గదీ తేడా," అంటారు ఆవిడ.

నేరేడ్‌మెట్‌లో ఆ ఇంటి పైవాటాలోకి మేము అద్దెకు దిగి రెండేళ్లయింది. అంకుల్ కరెంటాఫీసులో బిల్లుల విభాగంలో పనిచేసి రిటైరయ్యారు. రైల్వేలో పనిచేసింది ఆయన కాదు, ఆయన తండ్రి వెంకటరత్నం గారు. సికింద్రాబాద్ నుంచి బొల్లారం మీదుగా నిజామాబాద్ వైపు మీటరు గేజి చిన్న లైను ఉన్న రోజుల్లో ఆయన గూడ్సు బండి గార్డు. బండికి చిట్టచివర తగిలించే గార్డు డబ్బాలో ఆయన ఉద్యోగమంతా గడిచింది. తర్వాత ఆ లైను తీసేసి పెద్ద లైను వేశారు. పాత డబ్బాలు తుక్కు కింద పోయాయి. అంకుల్ కడుతున్నది వాటిలో ఒకదాన్ని, ముప్పై రెండో వంతు సైజులో.

అసలు డబ్బా ఒక్కటి కూడా మిగలలేదు కాబట్టి ప్రతి కొలతకూ సాక్ష్యం కావాలి. అంకుల్ దగ్గర మూడు ఫైళ్లున్నాయి. ఒకదాంట్లో ఎక్కడో సంపాదించిన డ్రాయింగు జిరాక్సు. ఇంకోదాంట్లో తుక్కు కొట్ల చుట్టూ తిరిగి గీసుకున్న బొమ్మలు. మూడోదాంట్లో ఒక పెళ్లి ఫోటో. యార్డు పక్కన తీసిన ఆ ఫోటోలో పెళ్లికొడుకు భుజం వెనకాల గార్డు డబ్బా మూల కనిపిస్తుంది. పెళ్లికొడుకు ఎవరని ఒకసారి అడిగాను. అంకుల్ చాలాసేపు ఆలోచించి, "దూరపు చుట్టం," అన్నారు. ఆ మూలకు రివిట్లెన్నని అడిగితే మాత్రం ఆలోచించకుండా ఇరవై మూడు అన్నారు. మొదటి గోడకు పొరపాటున ఇరవై నాలుగు పడితే ఆ గోడ పారేసి మళ్లీ చేశారు.

మా మూడేళ్ల పాప అమ్ములుకు అంకుల్ ఈ పనంతా చేసే బల్ల అంటే ప్రాణం. నాకు మాత్రం ఆ బల్లను చూస్తేనే ప్రాణం పోతుంది. కెమిస్ట్రీ చదివిన దాన్ని కాబట్టి మొదటి వారమే ఆయన రంగు డబ్బాల మీది అక్షరాలన్నీ చదివి, వాటిలో సీసం ఉందని కనిపెట్టి, మెట్ల మీద నిలబడి అరగంట ఉపన్యాసం ఇచ్చాను. ఆయన నీళ్లలో కలిపే రంగులు తెచ్చుకున్నారు. ఎరుపు ఛాయ కాస్త తేడా వచ్చిందని ఇప్పటికీ నిట్టూరుస్తారు. అమ్ములు కిందికి వెళ్లేముందు బల్ల మీది చక్రాలు లెక్కపెట్టుకునేదాన్ని. తిరిగి వచ్చేటప్పుడు మళ్లీ లెక్కపెట్టేదాన్ని. ఒకసారి ఒకటి తగ్గితే మింగేసిందనుకుని ఆస్పత్రికి బయల్దేరాను. అది అంకుల్ జేబులో దొరికింది.

రెండు గోడలు, నేల, చక్రాలు అయ్యాక పని ఆగిపోయింది. కారణం ఒక కిటికీ.

ఎనిమిదేళ్ల వయసులో అంకుల్‌ను తండ్రి ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఆ డబ్బాలో బొల్లారం దాకా తీసుకెళ్లాడు. గోడలో ఉన్న చిన్న చదరపు కిటికీలోంచి అంకుల్ బయటికి చూశారు. రైల్వే గేటు దగ్గర ఒక మనిషి సైకిలు మీద నులక మంచం కట్టుకుని ఆగి ఉన్నాడు. డబ్బాలో కిరసనాయిలు వాసన. తండ్రి వెనకనుంచి నిక్కరు పట్టీ గట్టిగా పట్టుకున్నాడు. ఆయనకు గుర్తున్నది అంతే. తండ్రి ఎప్పుడూ బండి మీదే ఉండేవాడు, ఇంట్లో ఉన్న రోజు నిద్రపోయేవాడు. తండ్రితో కలిసి ఏదైనా చేశానని చెప్పుకోవడానికి అంకుల్‌కు ఉన్నది ఆ ఒక్క ప్రయాణం.

చిక్కేమిటంటే డ్రాయింగులో ఎక్కడా అలాంటి కిటికీ లేదు. ఆయన అన్నయ్య సత్యదేవ్ గారు అసలు ఆ ప్రయాణం చేసింది అంకుల్ కాదంటారు. ఆయన ఉండేది రాంగోపాల్‌పేట్‌లో. అంకుల్ కన్నా నాలుగేళ్లు పెద్ద. రోజూ సాయంత్రం ఫోన్ చేస్తారు. ఫోన్ స్పీకర్లో ఉంటుంది కాబట్టి మా వాటాకు కూడా వినిపిస్తుంది.

"నాయిన తీస్కపోయింది నన్నురా. నేనొచ్చి చెప్తే నోరు తెరుసుకోని విన్నవ్. యాభై ఏండ్లకు అది నీదైపోయింది."

"మంచం మోసిన సైకిలాయనను నువ్వు చూసినవా?"

"సూడలే. నేను నాయిన పక్కకు కూసున్న. కిటికీ గిటికీ ఏం లేకుండె ఆడ."

"లేకుంటే నేనెట్ల చూసిన?"

"చూడలేదనే గదరా చెప్తున్న."

ఇక్కడ నేను అనవసరంగా తలదూర్చాను. నా ఫోన్లో పిల్లల ఎదుగుదల పట్టిక ఎప్పుడూ ఉంటుంది. అమ్ములు బరువు వంద గ్రాములు తగ్గినా అందులో ఏ గీత కిందికి జారిందో చూస్తే గానీ నాకు నిద్రపట్టదు. ఆ పట్టిక తీసి ఎనిమిదేళ్ల మగపిల్లాడి సగటు ఎత్తు చూశాను. అప్పటి తిండిని బట్టి ఐదు సెంటీమీటర్లు తగ్గించాను. నుదుటి నుంచి పైభాగం తీసేశాను. కళ్లు నేల నుంచి నూట పదకొండు సెంటీమీటర్ల ఎత్తున ఉంటాయని తేల్చాను. అంకుల్ దాన్ని ముప్పై రెండుతో భాగించి, గోడ మీద ముప్పై అయిదు మిల్లీమీటర్ల దగ్గర గీత గీసి, చదరంగా కిటికీ కోసేశారు. గూడ్సు బండి డబ్బాకు చంటిపిల్లల డాక్టరు పట్టికతో కిటికీ పెట్టడం అంతకుముందు ఎవరైనా చేసి ఉంటారని నేననుకోను.

కిటికీ సంగతి విన్న సత్యదేవ్ గారు ఒక పందెం పెట్టారు.

"బొల్లారంల జాన్ సాహెబ్ ఉన్నడు యాదికుందా? నాయిన డబ్బాలు బాగుచేసిన ఫిట్టరు. పొయ్యి చూపియ్. కిటికీ ఉందంటే నేనే తప్పు. లేదంటే ఇగ ఆ ముచ్చట ఎత్తొద్దు. జన్మల ఎత్తొద్దు."

"సరే," అన్నారు అంకుల్. ఫోన్ పెట్టేశాక ఆ పూట అన్నం సగం వదిలేశారు.

ఆదివారం పొద్దున బొల్లారం బయల్దేరాం. కిటికీ లెక్క నాది కాబట్టి నేనూ వస్తానన్నాను. మావారికి డ్యూటీ ఉండటంతో అమ్ములు కూడా వచ్చింది. అంకుల్ తన స్కూటరు తీయబోతే నేను కారు పిలిచాను. మంచినీళ్లు, జ్వరం మందు, థర్మామీటరు, రెండు జతల బట్టలు, ఓఆర్‌ఎస్ పొట్లాలు సర్దుకున్న నా సంచీని చూసి ఆంటీ, "బొల్లారమా, కాశీనా?" అన్నారు. అంకుల్ ఒళ్లో చెప్పుల డబ్బా, అందులో దూదిలో పెట్టిన రైలు డబ్బా. స్పీడు బ్రేకరు వచ్చిన ప్రతిసారీ ఆయన దాన్ని గాల్లోకి ఎత్తి పట్టుకున్నారు. నేను అమ్ములును అలాగే పట్టుకున్నాను. డ్రైవరు అద్దంలోంచి మా ఇద్దరినీ చూసి, బండి మెల్లగా పోనిచ్చాడు.

జాన్ సాహెబ్‌కు ఎనభై అయిదేళ్లు. వాకిట్లో వేపచెట్టు కింద కుర్చీలో కూర్చున్నారు. వెంకటరత్నం గారి చిన్నకొడుకునని చెప్పగానే గుర్తుపట్టి లోపలికి తీసుకెళ్లారు. డబ్బాను రెండు చేతులా పట్టుకుని, కంటికి దగ్గరగా పెట్టుకుని, చుట్టూ తిప్పారు. బొటనవేలితో రివిట్లు తడిమారు.

"ఇరవై మూడు," అన్నారు అంకుల్.

"నేను అడగలే," అన్నారు జాన్ సాహెబ్. తర్వాత ఆయన వేలు కిటికీ దగ్గర ఆగింది. "ఈ బొక్క ఏందీ?"

"కిటికీ."

"కిటికీ లేకుండె బాబూ ఇక్కడ."

అంకుల్ నావైపు చూశారు. నేనే అడిగాను. "చిన్నదైనా, ఏదో ఒకటి ఉండేదేమో గుర్తుచేసుకోండి, సాహెబ్."

"ఏదో ఒకటి అంటే ఉండె. సైడు లాంతరు తలుపు. గోడకు బయట లాంతరు తగిలిస్తరు గదా, లోపల్నించే అందుకుని వెలిగించుకోనీకి జానెడు తలుపు. కానీ గింత కింద కాదు. ఈడ." లేచి నిలబడి, తన గడ్డం దగ్గర చెయ్యి పెట్టి చూపించారు.

అంకుల్ చొక్కా జేబులోంచి టేపు తీసి కొలిచారు. ఐదడుగులు. కిరసనాయిలు వాసన ఎక్కడిదో తెలిసింది. కానీ ఎనిమిదేళ్ల పిల్లాడి కళ్లు ఐదడుగుల ఎత్తులో ఉండవని నా పట్టికే చెబుతోంది. ఆయన టేపు చుట్టేసి, డబ్బాను దూదిలో పెట్టి, మూత వేసేశారు.

"అన్న చెప్పిందే నిజమైనట్టుంది," అన్నారు. "లాంతర్ల సంగతి సుత నాకు ఆయనే చెప్పుంటడు."

నా లెక్క వల్లే ఆయన ఆశ పెంచుకున్నారనిపించింది. జాన్ సాహెబ్ కోడలు చాయ్ తెచ్చింది. అంతలో బయట మేక అరిచింది. అమ్ములు నా ఒళ్లోంచి జారి, కిటికీ పక్కనున్న పీట ఎక్కి, మునివేళ్ల మీద లేచింది. చాయ్ కప్పు ఎక్కడ పెట్టానో కూడా చూసుకోకుండా ఒక్క అంగలో వెళ్లి వెనకనుంచి దాని గౌను గుప్పిట్లో పట్టుకున్నాను.

"గింత పీటకేనా బిడ్డా?" అని నవ్వారు జాన్ సాహెబ్.

నేను నవ్వలేదు. నా గుప్పిటను చూసుకుంటున్నాను. నేల మీద నిలబడినప్పుడు అమ్ములు గౌను నేనెప్పుడూ పట్టుకోను. నా అంత భయస్తురాలే పట్టుకోదు.

"అంకుల్, మీ నాన్నగారు నిక్కరు పట్టీ పట్టుకున్నారన్నారు కదా. ఎందుకు పట్టుకున్నారు?"

"పడిపోతనని."

"నేల మీద నుంచి ఎక్కడికి పడిపోతారు? మీరు దేని మీదో ఎక్కారు. ఆ డబ్బాలో ఎక్కడానికి ఏముండేది?"

జవాబు జాన్ సాహెబ్ చెప్పారు. "ఏముంటది, గార్డు పెట్టె. ఇంకేం ఉండదు ఆడ."

గార్డు పెట్టె అంటే నల్లరంగు ఇనప పెట్టె. జెండాలు, లాంతరు, రూల్సు పుస్తకం అన్నీ అందులోనే. ఒక్కో గార్డుకు ఒక్కోటి, మూత మీద పేరు రాసి ఉంటుంది. డ్యూటీ ఎక్కడుంటే అక్కడికి కూలీ దాన్ని మోసుకొస్తాడు.

అంకుల్ తల అడ్డంగా ఊపారు. "నాయిన ఆ పెట్టె మీద చెయ్యి సుత ఎయ్యనియ్యకపోతుండె. ఒక్కపారి అమ్మ దాని మీద చెంబు పెట్టిందని రెండు రోజులు మాట్లాడలే."

"ఇంట్ల అది సర్కారు పెట్టె," అన్నారు జాన్ సాహెబ్. "బండి కదిలినంక ఎవడు చూడొచ్చిండు?"

"ఎంత ఎత్తుండేది?" అని అడిగాను. ఆయన మోకాలికి కాస్త కింద చెయ్యి పెట్టారు. అంకుల్ టేపు మళ్లీ తీశారు. రెండుసార్లు కొలిచారు. నలభై రెండు సెంటీమీటర్లు. నూట పదకొండూ నలభై రెండూ కలిపితే నూట యాభై మూడు. ఐదడుగులంటే నూట యాభై రెండు. ఆ ఒక్క సెంటీమీటరు ఆయన జుట్టుదై ఉంటుందన్నాను. కళ్లకు జుట్టుతో పనేమిటని ఆయన అడగలేదు. ఏడు నెలల్లో ఆయన ఒక కొలత తప్పును వదిలేయడం అదొక్కసారే చూశాను.

అక్కడినుంచే అన్నయ్యకు ఫోన్ చేశారు.

"కిటికీ లేదంట," అన్నారు.

"నేను చెప్పలే?"

"లాంతరు తలుపు ఉండె. ఐదడుగుల మీద. నాయిన నన్ను పెట్టె మీద నిలబెట్టిండు."

లైను తెగిందేమోనని అంకుల్ ఫోన్ వంక చూశారు.

"పెట్టె మీదనా?" అన్నారు సత్యదేవ్ గారు. "చెప్పులతోనా?"

"యాదిలేదు."

"నన్నైతే ఎన్నడు ముట్టనియ్యలే," అని ఫోన్ పెట్టేశారు.

ఆ వారంలో కిటికీ కోసిన గోడ పారేసి, మిగతా గోడలతో పాటు కొత్తది చేశారు, నలభై ఏడున్నర మిల్లీమీటర్ల దగ్గర లాంతరు తలుపుతో. లోపల, సరిగ్గా దాని కింద, పదమూడు మిల్లీమీటర్ల నల్ల పెట్టె. మూత మీద ఒంటి వెంట్రుక కుంచెతో తండ్రి పేరు. పైకప్పు అతికిస్తే ఇదంతా ఎవరికీ కనిపించదు. అందుకేనేమో కప్పు అతికించడం రోజూ రేపటికి వాయిదా పడింది.

మరుసటి ఆదివారం సత్యదేవ్ గారే వచ్చారు. చాయ్ కూడా ముట్టుకోకుండా బల్ల దగ్గర కూర్చుని, భూతద్దం అడిగి, డబ్బాలోకి చూశారు.

"పేరు తెల్లరంగుల లేకుండె. పసుపు."

"తెలుపే."

"నువ్వు మీద ఎక్కినవ్. నేను రోజు దూరంకెళ్లి చూసిన. పసుపు."

"ఇగ ఇంకో ఏడు నెలలు," అన్నారు ఆంటీ వంటింట్లోంచి.

ఆయన భూతద్దం దించలేదు. "పెట్టె మీద పోరగాడు ఏడీ?"

"చెయ్యలే."

"ఉత్త పెట్టె ఏం చేసుకుంటవ్? చెయ్యి." అద్దాన్ని గుడ్డతో తుడుస్తూ, ఎవరి వైపూ చూడకుండా అన్నారు. "పెట్టె బాగనే వెడల్పుంది. పక్కకు ఇంకొకడు పడుతడేమో చూడు."

ఒక్క రివిట్టు ఎక్కువైందని గోడ పారేసిన మనిషి అంకుల్. ఆ రోజు డబ్బాలో ఉన్నది అన్నయ్య కాదు, తానేనని నిరూపించడానికే బొల్లారం దాకా వెళ్లొచ్చిన మనిషి. ఆయన అన్నయ్య బట్టతల వైపు చూశారు, పెట్టె వైపు చూశారు. తర్వాత నావైపు తిరిగారు. నేను అప్పటికే బల్ల మీది చక్రాలు రెండోసారి లెక్కపెడుతున్నాను.

"కల్పా, నీ ఫోన్ల ఆ పట్టిక తియ్యి బిడ్డా," అన్నారు. "పన్నెండేండ్లోనిది సుత చూడు."