జిగురు ఆరేదాకా

కోవిల్‌పట్టిలో పాలిష్ అయిపోయిన తలుపుల మీద చెక్కపూలు అతికించే సీనిసామికి ఓ పట్టింపు ఉంది. నిగనిగలాడే చోట జిగురు పట్టదంటాడు. పువ్వును తలుపుకు ఆనించి, చుట్టూ పెన్సిలుతో గీసి, ఆ గీత లోపలి పాలిష్‌ను గాజుముక్కతో అసలు చెక్క తేలేదాకా గీకుతాడు. వేలు తడిచేసి రాసి చూస్తాడు. తడి ఇంకితేనే జిగురు డబ్బా మూత తీస్తాడు. పువ్వు అతికించి, కదలకుండా పైన టేపు వేసి, రేపటిదాకా ముట్టుకోవద్దని తమిళంలో చెప్పి వెళ్ళిపోతాడు. బయట అంతా తమిళమే. అతనితో తెలుగు మాట్లాడే మనిషి భార్య ఒక్కతే ఉండేది. ఆమె పోయి మూడేళ్ళు.

మొన్న ఒక ఇంట్లో గీకడం మొదలుపెట్టగానే ఇల్లాలు కార్తిక లోపలికి తెలుగులో కేకేసింది: "అమ్మా, కొత్త తలుపును గీకుతాండాడే!"

గాజుముక్క ఆగింది. "గీకకుంటే నిలవదు తల్లీ," అన్నాడు తానూ తెలుగులోనే.

"అయ్యో, మీరు మనోళ్ళా!" అంటూ కార్తిక తల్లి కాఫీ తెచ్చింది. ఒక చేత్తో తాగాడు. రెండో చెయ్యి అప్పుడే జిగురు రాసి ఆనించిన పువ్వును తలుపుకు అదిమి పట్టుకుంది. తల్లీకూతుళ్ళు పులుసులో ఉప్పు గురించి వాదులాడుకుంటున్నారు. గంట గడిచింది. చెయ్యి మార్చుకున్నాడు.

"ఇంకా ఎంతసేపు పట్టుకోవల్ల, మామా?" అంది కార్తిక.

"ఇంకొంచెం తల్లీ. ఆరవల్ల గదా."

కాళ్ళ దగ్గరి సంచిలోంచి టేపు చుట్ట కనబడుతోంది. సంచిని కాలితో మెల్లగా తలుపు వెనక్కి జరిపాడు.