మొక్కులో ఉన్న జడ

నా జడ కొస ఇప్పుడు అరిగిపోయిన చీపురులా ఉంది. వెంట్రుకను వెలుతురుకు పట్టి చూస్తే పంగలకర్రలా రెండుగా చీలి, అందులో ఒక చీలిక మళ్లీ చీలి కనిపిస్తుంది. కత్తిరించుకోవచ్చు కదా అని కోరుట్లలో మా వాడకట్టు ఆడవాళ్లందరూ అడిగారు. కత్తిరించకూడదు. ఈ జడ నాది కాదు, మొక్కులో ఉంది.

సిరిసిల్లలో ఉండే మా చెల్లెకు పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయిన రోజున, ఆస్పత్రి వరండాలో కూర్చుని మా అమ్మ ధర్మపురి దేవుడికి మొక్కింది. చెల్లె లేచి తన కాళ్లతో నడిస్తే తలనీలాలు ఇస్తానంది. తనవి కాదు, నావి.

"నీయి మొక్కరాదా?" అన్నాను.

"నాయి ఉన్నయే నాలుగు ఎంటికలు. దేవుని కండ్లకు ఆనుతయా? నీదైతే నడుము దాటిన జడ."

నేను కూరగాయల బండి దగ్గర వాదిస్తాను, బస్సు కండక్టరుతో వాదిస్తాను, పెళ్లి భోజనాల్లో వడ్డించేవాళ్లతో కూడా వాదిస్తాను. ఆ రోజు మాత్రం వాదించలేదు. ఎదురుగా గోడకు అతికించిన కాగితం మీద చెప్పులు బయట విడవమని రాసి ఉంది. దాన్నే చదువుతూ కూర్చున్నాను.

మొక్కిన జుట్టుకు మొక్కు తీరేదాకా కత్తెర తగలనివ్వకపోవడం మా ఇళ్లలో పద్ధతి. కొసలు తీసినా దేవుడి సొమ్ము గిల్లినట్టే. చెల్లె చావలేదు, లేవలేదు. మాట ముద్దముద్దగా వస్తుంది, కానీ వస్తుంది. మంచం మీద ఆమె ఎలా ఉందో నా వీపు మీద జడ అలాగే ఉంది. ఇవ్వడానికీ లేదు, కొయ్యడానికీ లేదు.

అంతకుముందు నా కొసల సంగతి చూసేది చెల్లెనే. వాళ్లది మరమగ్గాల ఇల్లు. బట్ట మీద మిగిలిన దారపు పోగులు తీసే చిన్న కత్తెర ఎప్పుడూ కిటికీ గూట్లో ఉండేది. నేను వెళ్తే చాలు, పీట మీద కూర్చోబెట్టి, జుట్టు పాయలుగా తీసి, ఒక్కో పాయను తాడులా మెలిపెట్టేది. మెలిపెడితే చీలిన కొసలు పక్కలకు పొడుచుకొస్తాయి. వాటిని మాత్రమే కత్తిరించేది. జడ పొడవు తగ్గేది కాదు.

"కదలకక్కా, చెవి తెగుతది. అయినా నీకు చెవులెందుకు, ఎవ్వల మాట ఇనవు గదా!"

కత్తెర లేకుండా ఏమేం చేయవచ్చో అన్నీ చేశాను. తలస్నానానికి ముందు కొసలకు కొబ్బరినూనె పట్టించాను. తువ్వాలుతో రుద్దడం మానేసి, పాత నూలుచీర ముక్కలో చుట్టి ఆరనిచ్చాను. తడి మీద దువ్వలేదు. రబ్బరు బ్యాండు పారేసి మెత్తటి గుడ్డపేలిక కట్టుకున్నాను. వీటితో కొత్త చీలికలు తగ్గుతాయి. పాతవి మాత్రం పైకి పాకుతూనే ఉంటాయి.

ఒకసారి పని మీద జగిత్యాల వెళ్లి, ఒక బ్యూటీపార్లర్ మెట్లెక్కాను. అక్కడి పిల్ల చిన్న సీసా తీసింది.

"గీ సీరం రాయుండ్రి మేడమ్, చీలినయి అతుక్కుంటయి."

"అతుక్కోవు. నేను డిగ్రీల జువాలజీ చదివిన. ఎంటిక అంటేనే సచ్చిన కణాలు. సచ్చినదానికి మందేస్తే లేస్తదా?"

"గట్లంటరేంది మేడమ్! నేను ఎంటికల ముచ్చటే చెప్తున్న."

"నేను గూడ గదే చెప్తున్న."

అక్కడి నుంచే సిరిసిల్ల బయలుదేరాను. దారిలో ఏడుపు వస్తుందేమోనని కిటికీ పక్కన కూర్చున్నాను. రాలేదు. దుకాణాల బోర్డులన్నీ చదువుకుంటూ పోయాను.

చెల్లె తలకింద దిండు సర్దుదామని వంగితే జడ ఆమె మీద పడింది. ఎడమ చేత్తో కొస పట్టుకుంది.

"ఏందక్కా ఇది, గొర్రె తోక లెక్కైంది?"

"మొక్కుల ఉన్నది."

"ఎవ్వల మొక్కు?"

అమ్మ ఈమెకు ఇన్నాళ్లూ చెప్పలేదని అప్పుడు తెలిసింది. నేను చెప్పాను. చెల్లె, తనను చూసుకోవడానికి అక్కడే ఉంటున్న అమ్మ వైపు తిరిగింది.

"నా కాళ్ల మీద మొక్కేటప్పుడు నన్నడగద్దా? మంచంల పడ్డది నేనొక్కదాన్నే అనుకున్న. అక్క ఎంటికలు సుత పడ్డయా?"

"దేవుని సొత్తు బిడ్డా అది. కత్తెర తగిలితే నువ్వెట్ల నడుస్తవు?"

"నడిస్తే ఇయ్యుండ్రి, వద్దన్ననా? గీ చీలిన కొసలిస్తే దేవునికి ముచ్చటైతదా? అక్కా, కత్తెర తే."

అమ్మ నా వైపు చూసింది. నేను వాదిస్తానని, ఆపుతానని. ఊళ్లో అందరితో పెట్టుకునే నోరు ఈ ఒక్క మాటకు పనికివస్తుందని ఆశపడి ఉంటుంది. నేను లేచి గూట్లోంచి కత్తెర తెచ్చాను. దాని మీద దుమ్ము పేరుకుని ఉంది. కొంగుతో తుడిచాను.

మంచానికి ఆనుకుని కింద కూర్చున్నాను. పాయ మెలిపెట్టడం నా వంతు, కత్తిరించడం ఆమె వంతు. కుడిచేతి కత్తెర ఎడమ చేతిలో సరిగ్గా తెగదు. వెంట్రుక రెండు అంచుల మధ్య మడతపడి నలుగుతుంది. నలిగిన చోటే మళ్లీ చీలుతుంది. ఇది నాకు తెలుసు. చెప్పలేదు.

"సక్కగ పట్టక్కా. ముసల్దానివైనా కదులుడు మానవు."

అమ్మ మంచం పక్కకు వచ్చి వంగింది. కింద రాలిన ముక్కలన్నీ ఒక్కటి వదలకుండా ఏరి కొంగున ముడి వేసుకుంది. నేను లేచేటప్పటికి కూడా ఆ ముడి చేత్తో పట్టుకునే ఉంది.

కోరుట్ల బస్సులో జడ ముందుకు వేసుకుని చూశాను. కొసలు ఎగుడుదిగుడుగా, నమిలినట్టు ఉన్నాయి. త్వరలోనే చీలుతాయి. మళ్లీ వెళ్లి ఆ మంచం పక్కన కూర్చోవాలి. ఎడమచేతి వాటం వాళ్లకు వేరే కత్తెరలుంటాయట. కొంటే, ఆ కుడిచెయ్యి ఇక రాదని నేనే తేల్చేశానని అమ్మ అంటుంది. అననీ. ఈసారి జగిత్యాల వెళ్లినప్పుడు అడగాలి.