బావ కోసం ఎంచిన తుపాకీ

న్యూజిలాండ్‌లో ఉన్న మా బావ బాతుల వేటకి సెమీ ఆటోమేటిక్ తుపాకీ కొంటానన్నాడు. మా ఇళ్ళల్లో మిక్సీ కొనాలన్నా ముందు రివ్యూలు చదివిపెట్టడం నా ఖర్మ. నేనుండే సింగపూర్‌లో తుపాకీ చట్టాలు మహా కఠినం, దాని పేరెత్తాలన్నా నాకు దడే. క్లెమెంటి వెళ్ళే రైల్లో ఫోన్ వెలుగు తగ్గించి, బిక్కుబిక్కుమంటూ వీడియోలు చూశాను. పక్క సీటు ఆంటీ తొంగిచూసింది.

"గేమ్ ఆ?"

గబగబా తలూపాను. ఫోన్ జేబులో పెట్టేశాను.

రైలు దిగి బావకి ఫోన్ చేశాను. "బురదలో పడ్డా మొరాయించనిది తీసుకో బావా. మొదటి దెబ్బ తప్పితే రెండోది వెంటనే పడాలి."

"అయితే బాతు తప్పించుకోలేదన్నమాట!" అంటూ బావ నవ్వాడు.

చిన్న చిన్న తిండి దుకాణాలుండే హాకర్ సెంటర్‌లో భోజనానికి కూర్చున్నాను. ఒక గోరింక వచ్చి నా పళ్ళెం అంచున వాలింది. రోజూ అదిలించేవాణ్ణే. ఆ రోజు చెయ్యి లేవలేదు.